ఉపేక్షయు నపరాధమేనా?

పరుని సొత్తు నపహరించినవాడు దొంగ యనియు, పరుని దేహమును గాయపఱచినవాడు హింసకుడనియు నందఱ మెఱుగుదుము. చేసినవానికి తాను చేయుచున్న దేదియో తెలియును. పడినవానికి తన్నెవరు కొట్టిరో తెలియును. ఇట్టి తప్పులను విచారించుట న్యాయస్థానములకు గాని, యింటి పెద్దలకు గాని యంత కష్టము కాదు. కాని యెవరును తలపెట్టక, యెవరిపైనను ద్వేషము లేక, కేవలము తోచకపోవుటచేత జరుగు నన్యాయ మొకటి కలదు. దానికి కర్త యెవరు? దానిని అపరాధమనవచ్చునా? లేక వట్టి పొరపాటని నవ్వి విడిచిపెట్టదగునా? ఈ ప్రశ్న నాకు గ్రంథములు చదువుటవలన కలుగలేదు. నా చేతులతో నేను చేసిన యొక చిన్న పనివలన కలిగినది.

మా పట్టణమున చందాదారుల ధనముతో నడచు గ్రంథాలయ మొకటి యున్నది. కొంతకాలము క్రిందట దానికొక వెబ్‌సైటు నేర్పఱుపవలెనని సంఘమువారు నిశ్చయించి యా భారము నాపై నుంచిరి. నే నా విద్యయందు ప్రవీణుడను కాను; ఉత్సాహము మాత్రము మెండు. పుస్తకముల పట్టికను, చందా వివరములను ఎట్లో యమర్చితిని. నెలనెలా జరుగు నుపన్యాసముల ప్రకటనను మాత్రము మిక్కిలి యందముగా నుండవలెనని, చుట్టును లతలు, పైన వీణాపాణి యైన సరస్వతి, నడుమ వంపుల యక్షరములు గల యొక చిత్రముగా చేయించి, ఆ చిత్రము నట్లే పుటపై నతికించితిని. చూచినవారెల్లరు మెచ్చుకొనిరి. చూచినవారు అనుమాటను నేనప్పుడు గమనింపలేదు.

నా మిత్రుడొకడు ఉపాధ్యాయత్వము చేసి విరమించినవాడు. పసితనముననే మశూచికమువలన రెండు కన్నులును కోల్పోయినవాడు. చరిత్ర మనిన ప్రాణము పెట్టును. అతని కంప్యూటరు పాతది. దానిలో లింక్స్ అను పేరుగల బ్రౌజరును వాడును. లింక్స్ అనగా సూక్ష్మదృష్టికి పాశ్చాత్యులలో పేరుమోసిన యొక యడవిపిల్లి. చూపులేనివారికి ప్రియమైన సాధనమున కా పేరుండుట విధి చేసిన పరిహాసము వలె నున్నది. ఈ బ్రౌజరు బొమ్మలను చూపదు. పుటలోని మాటలను మాత్రము ఒకదానిక్రింద నొకటిగా తెరపై పెట్టును. ఆ మాటలను మఱియొక సాధనము గొంతుతో చదివి వినిపించును.

ఒకనాటి సాయంకాలము వారింటికి పోయి, “మన గ్రంథాలయపు సైటు విన్నారా?” యని గర్వముతో నడిగితిని. “వింటినండి. మీరును వినుడు” అని యతడు మీట నొక్కెను. ఆ గొంతు యిట్లు చదివెను: “ఇమేజ్. లింక్. ఫైనల్ టూ న్యూ డాట్ జేపీజీ. ఇక్కడ నొక్కుడు. ఇక్కడ నొక్కుడు. ఇక్కడ నొక్కుడు.” అంతే. ఆ ఫైనల్ టూ న్యూ యనునది నా లతలు, నా సరస్వతి, నా ప్రకటన. “ఈ నెల యుపన్యాసము దేనిని గూర్చియండి?” యని యతడడిగెను. శాతవాహనుల శాసనములను గూర్చి. అది ముందునాడే జరిగిపోయినది. సభలో కుర్చీలు సగము ఖాళీగా నుండెను.

నేను క్షమాపణ చెప్పబోవగా, “మీరు కావలెనని చేయలేదు గదా!” యని యతడు నన్ను వారించెను. తిట్టియుండినచో నాకింత బాధ కలుగకపోవును. ఆ మాట నతడు అలవాటైన మాటను పలికినట్లు పలికెను. ఎన్ని చోట్ల నెందఱితో నా మాట యనియుండెనో గదా యని తోచినది. పిమ్మట మాటల సందర్భమున నింకొక సంగతియు చెప్పెను. అతని ధనముండు బ్యాంకువారు తమ పుటలను క్రొత్తరీతికి మార్చిరట. నాటినుండి అతని సాధనములకు అవి లొంగవు. అందుచేత పొరుగింటి పిల్లవానిని పిలిచి, తన రహస్యసంఖ్యను వానికి చెప్పి, ఖాతాలో నెంత యున్నదో వానిచేత చదివించుకొనుచున్నాడు. “నా సొమ్మెంతయో నాకంటె ముందు వానికి తెలియునండి. వాడు మంచివాడే. అయినను వాడు మంచివాడు గానే యుండవలెనని నేను ప్రతిదినమును కోరుకొనవలసి వచ్చుచున్నది” అనెను.

ఈ వ్యవస్థ మొదట నెట్లుండెనో తెలిసికొన్నగాని మన తప్పు పరిమాణము తెలియదు. 1989లో జెనీవా చెంత సెర్న్ అను పరిశోధనాలయమున పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్ లీ యను నాంగ్లేయుడు, కంప్యూటర్లలోని పత్రములను ఒకదానితో నొకటి ముడివేసి చదువు నుపాయమును ప్రతిపాదించెను. 1991లో నది లోకమునకు వెల్లడియయ్యెను. ఆ తొలిదినముల పత్రములలో నుండినవి ప్రధానముగా నక్షరములే. 1992లో అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయమువారు లింక్స్‌ను నిర్మించిరి. అంధుల కొఱకని దానిని నిర్మింపలేదు. తమ విద్యార్థులకు సమాచార మందించుటకే నిర్మించిరి. ఐనను మాట లన్నియు మాటలుగానే యుండుటవలన, వాటిని గొంతుగా మార్చుటయు, బ్రెయిలీ చుక్కలుగా మార్చుటయు సులువయ్యెను. పూర్వము అంధుడొక గ్రంథమును చదువవలెనన్న, ఎవరో యొకరు దానిని బ్రెయిలీలోనికెక్కించువఱకు సంవత్సరములు వేచియుండవలెను. ఇప్పుడో, కన్నులుగలవా రొక వ్యాసమును ప్రకటించిన క్షణముననే యంధుడును దానిని చదువగలుగుట మనుష్యచరిత్రలో మొదటిసారి సంభవించినది.

1993లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున మొజాయిక్ అను బ్రౌజరు పుట్టి, అక్షరముల నడుమ చిత్రములను గూర్చి చూపసాగెను. లోకము దానికి మోహపడినది. మోహపడుట తప్పు కాదు. చిత్రము గొప్ప విద్య. దానిని చూడలేనివారి కొఱకు, చిత్రము నుంచు నాజ్ఞలోనే నాలుగు మాటలు వ్రాయుటకు తావును కల్పించిరి. 1995లో ప్రకటితమైన నియమావళిలోనే యా తావున్నది. 1997 డిసెంబరునాటి నియమావళి దానిని పూరించుట విధి యని శాసించెను. 1999 మే నెలలో అంధాదులకు అందుబాటుగా పుటలను నిర్మించు పద్ధతులు ప్రత్యేకముగా ప్రకటింపబడినవి. 2008లోను, ఆ తరువాతను సంస్కరింపబడినవి. నియమములు లేవనువాడు అసత్యమాడినట్లే. అయినను 2024లో వెబ్‌ఎయిమ్ అను నమెరికా సంస్థ పదిలక్షల సైట్ల మొదటి పుటలను యంత్రముతో పరీక్షింపగా, నూటికి 95.9 పుటలలో దోషములు కనబడెను; సగమునకు పైగా పుటలలో మాటలేని చిత్రము లుండెను.

కావున అంధుల కొఱకు క్రొత్తగా మెట్లు కట్టుడని మనల నెవరు నడుగుట లేదు. ఉన్న మెట్లను పెఱికివేయకుడని మాత్ర మడుగుచున్నారు. ఈ భేదమును చాలమంది గ్రహింపరు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. నేను చేసినది యపరాధమా? నా పక్షమున వాదించువారు, ఉద్దేశము లేనిదే దోషము లేదందురు. ఆ మాట కొంతవఱకు నిజము. తెలిసి చేసినదానికిని తెలియక చేసినదానికిని మన పూర్వులును ప్రాయశ్చిత్తములలో భేదము చూపిరి. కాని నడివీధిలో గొయ్యి త్రవ్వి, చీకటిపడగా దీపముంచక యింటికి పోయినవానికి నెవరిపైనను ద్వేషము లేదు. అయినను ఆ గోతిలో నొకడు పడి కాలు విఱుగగా, త్రవ్వినవానిని మనము నిర్దోషి యనము. ఏలయన, వీధిలో జనులు నడతురని వానికి తెలియును. తెలిసినదానిని తలపునకు తెచ్చుకొనకపోవుటయే వాని దోషము.

నా సంగతి యంతకంటెను తక్కువ సమర్థనీయము. లోకమున నంధులున్నారని నాకు తెలియును. నా మిత్రుడు అంధుడని తెలియును. అతడు చదువరి యనియు, కంప్యూటరులో చదువుననియు తెలియును. మా గ్రంథాలయమున చందాదారుడనియు తెలియును. ఇన్ని తెలిసియు, నేనా పుటను సిద్ధము చేయునప్పు డతడు దానిని చదువునని మాత్రము నాకు తోచలేదు! ఎందుకు తోచలేదని నన్ను నేను చాలదినములు ప్రశ్నించుకొంటిని. ఏదైన నొకటి వ్రాయువాని మనస్సులో నెప్పుడును ఒక సభ కూర్చుండియుండును. వారు మెచ్చుకొందురా, వారి కర్థమగునా యని వాడు లోలోపల వారి ముఖములను చూచుచు వ్రాయును. నా మనస్సులోని యా సభలో నా మిత్రునికి పీట వేయలేదు. వీధిలో కనబడినప్పుడు ప్రేమతో చేయి పట్టుకొందును. చదువరులను లెక్కించునప్పుడు లెక్కలోనికి తీసికొనను. ఈ లెక్క తప్పినదే నా యపరాధము. చిత్రము క్రింద నాలుగు మాటలు లేకపోవుట దాని బాహ్యచిహ్నము మాత్రమే.

ఇట్లనగానే కొందఱు, “అయ్యా, అంధులపై దయ యుండవలసినదే” యని తలయూపుదురు. దయ మంచిగుణము, దానిని నేను నిందింపను. కాని దయగలవాడు ఇచ్చువాడుగను, ఎదుటివాడు పుచ్చుకొనువాడుగను నిలిచిపోవుదురు. పుచ్చుకొనువాడు ప్రతిసారియు కృతజ్ఞతను తెలుపవలెను; ఆ కృతజ్ఞతయు నొక పన్నే. మఱియు నీ విద్యలో అంధులు పుచ్చుకొనువారు మాత్రమే కారు. టి. వి. రామన్ గారు పూనాలో పుట్టి, పదునాలుగవ యేట చూపును కోల్పోయి, బొంబాయి ఐ.ఐ.టి.లో చదివి, 1994లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున, గణితసూత్రములతో నిండిన గ్రంథములను చెవికింపుగా చదువు యంత్రవిధానమును గూర్చి పరిశోధించి డాక్టరు పట్టమును పొందిరి. 1995లో ఈమాక్‌స్పీక్ అను సాధనమును తామే నిర్మించి లోకమునకు ఉచితముగా నిచ్చిరి. తెరపై నున్న యక్షరములను అక్షరములుగా గాక, వాటి యర్థమును బట్టి గొంతును మార్చుచు వినిపించుట దాని విశేషము. బ్రెయిలీ లిపిని కనిపెట్టిన లూయీ బ్రెయిలీయు నంధుడే. అంతకు పూర్వము పారిసు పాఠశాలలో చూపుగలవారు తమ యక్షరములనే యుబ్బెత్తుగా అచ్చువేసి యంధులచేతి కిచ్చిరి. చూచుటకు బాగుగనే యుండెను. తడవి చదువుట దుర్లభము. తమ కన్నులకు తోచినదే పరుల వ్రేళ్లకును తోచునని యనుకొనిరి.

దయను, న్యాయమును వేఱుచేసి చూపిన యొక వ్యాజ్యమును గూర్చి కొంత విస్తరించి చెప్పెదను. 2000లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినవి. వాటి నిర్వాహక సంఘమువారు పెట్టిన సైటును బ్రూస్ మగ్వైర్ అను నంధుడు చదువబోయెను. అతడు వ్రేళ్లక్రింద చుక్కలు లేచి పడుచుండు బ్రెయిలీ పలకను తడవి చదువువాడు. చిత్రములకు మాటలు లేవు. క్రీడల కాలపట్టికనుండి ఒక్కొక్క క్రీడ పుటకు పోవుటకు దారిలేదు. ఫలితముల పట్టికలు అతని పలకపై నర్థము కాలేదు. టిక్కెట్ల పుస్తకము బ్రెయిలీలో దొరకలేదని కూడ నతడు మొఱపెట్టెను. 1999 జూన్ నెలలో, ఆ దేశమున 1992లో చేయబడిన అంగవైకల్య వివక్షా నిషేధ చట్టమును బట్టి, మానవహక్కుల సంఘమువారి యెదుట ఫిర్యాదు చేసెను.

నిర్వాహకుల ప్రత్యుత్తరము గమనింపదగినది. మేము అంధులను ద్వేషింపుదుమని వారనలేదు; అది మాకు భరింపరాని భారమనిరి. ఫలితముల పట్టికలకే 1,295 మూసలను తిరిగి చేయవలెననియు, ఒక మనుష్యుడు దినమునకు 8 గంటల చొప్పున పనిచేసినచో 368 దినములు పట్టుననియు, ఇరువది లక్షల డాలర్లకు మించి వ్యయమగుననియు లెక్క చూపిరి. నిపుణులు వచ్చి, మూసల సంఖ్య యంత లేదనియు, ఒక్కొక్కదానికి పట్టు కాలమును చాల తక్కువయే యనియు సాక్ష్యమిచ్చిరి. 2000 ఆగస్టు 24వ తేదీన సంఘమువారు నిపుణుల మాటనే నమ్మి, క్రీడలు ప్రారంభమగు సెప్టెంబరు 15వ తేదీలోగా సైటును సరిదిద్దవలెనని తీర్పు చెప్పిరి. నిర్వాహకులు పూర్తిగా సరిదిద్దలేదు. ఆ నవంబరులో మగ్వైర్‌కు 20,000 డాలర్లు పరిహార మియ్యవలసినదని నిర్ణయమయ్యెను.

నేనొక చిన్న లెక్క వేసి చూచితిని. ఆ 368 దినములను నిజమే యని యొప్పుకొందము. ఫిర్యాదు వచ్చిన నాటినుండి క్రీడల నాటివఱకు పదునైదు మాసములకు పైగా కాలమున్నది. ఇద్దఱు మనుష్యులను నియమించియుండినచో వారి లెక్క ప్రకారమే పని ముగిసి, కొన్ని నెలలు మిగిలియుండెడివి. వ్యయమను మాట మొదట చేయనిదానిని తరువాత చేయవలసివచ్చుటవలన పుట్టినది. ఇల్లు కట్టునప్పుడు తలుపు పెట్టుటకు వేఱు ఖర్చు కాదు. గోడ లేచిన పిమ్మట దానిని పగులగొట్టి తలుపు పెట్టుటకు ఖర్చు. తన యాలస్యమువలన కలిగిన ఖర్చును తన నిర్దోషిత్వమునకు సాక్ష్యముగా తెచ్చుట న్యాయమగునా?

వేఱొకరు మఱియొక ఉపాయము చెప్పుదురు: అంధులకు ప్రత్యేకముగా, బొమ్మలు లేని, మాటలు మాత్రమే గల వేఱు పుటను పెట్టుదుము, సరిపోవును గదా! మొదట నాకును నిది బాగుగనే తోచినది. మా గ్రంథాలయమునకు అట్టిదానిని చేసితిని కూడ. రెండు నెలలకు ముఖ్యపుటలో నుపన్యాసముల వేళ మాఱినది. ప్రత్యేక పుటలో మాఱలేదు. మార్చవలెనని యెవరికిని జ్ఞాపకము రాలేదు. వేఱు నుయ్యి త్రవ్వించి యిచ్చితిమి గదా యని తృప్తిపడిన చరిత్ర మన గ్రామములలో నుండనే యున్నది. వేఱు నూతిలో పూడిక తీయించుట యెప్పుడును రేపటి పనియే. అందఱు త్రాగు నీరు చెడినచో అందఱును కేకలు వేయుదురు. కావున నది బాగుపడును. ఆ వేఱు పుటను నేను తీసివేసి, ఉన్నదానినే సరిచేయుటకు పూనుకొంటిని.

సరిచేయుట యనగా, చిత్రము లన్నిటికి మాటలు వ్రాయుట. ఇది సులువని యనుకొంటిని. కాని యిందు సత్యమునకు సంబంధించిన చిక్కులు కలవని కూర్చున్న పిమ్మట తెలిసినది. వార్షికోత్సవపు ఛాయాచిత్రము క్రింద, “వేదికపై నాసీనులైన విద్వన్మణులు, మహనీయులు” అని వ్రాసితిని. మిత్రుడు విని, “ఆ మహనీయత్వము ఫోటోలో కనబడుచున్నదా అండి?” యని నవ్వెను. నిజమే. చూచువారికి నేను చిత్రము నిచ్చి యభిప్రాయమును వారికి విడిచిపెట్టితిని. చూడలేనివానికి చిత్రము నీయక నా యభిప్రాయము నిచ్చితిని. “అయిదుగురు వేదికపై కూర్చుండియున్నారు, నడుమనున్న యధ్యక్షుడు నిలుచుండి మాటలాడుచున్నాడు” అని మార్చితిని. మఱి లతలకు? వాటికి నేనెంతో శ్రద్ధతో, ఆకుపచ్చని తీగెలు, గులాబిరంగు పూలు అని రెండు పంక్తులు వ్రాసితిని. “నేను చందా సంగతి తెలిసికొనవలెనని వచ్చిన ప్రతిసారియు నీ తీగెలను దాటిపోవలెనా?” యని యతడడిగెను.

అలంకారమాత్రమైన చిత్రము విషయమున, మాటల తావును ఖాళీగా నుంచుటయే నియమము. కాని ఖాళీగా నుంచుటకును, ఆ తావునే విడిచిపెట్టుటకును భేదమున్నది. బుద్ధిపూర్వకముగా ఖాళీ నుంచినచో గొంతు మౌనముగా దాటిపోవును. తావునే లేకుండ చేసినచో, ఫైనల్ టూ న్యూ యని యేదో యొకటి గొణుగును. రెండును మాట లేకపోవుటయే. ఒకటి చదువరిని తలచుకొని యూరకుండుట, మఱియొకటి చదువరిని మఱచి యూరకుండుట. ఉపేక్షకును మర్యాదకును గల భేదము నింత స్పష్టముగా చూపిన యుదాహరణము నాకు నీతిగ్రంథములలో దొరకలేదు. ఇక్కడ నొక్కుడు, ఇక్కడ నొక్కుడు అను మాటలును అట్టివే. కన్నులుగలవాడు ప్రక్కనున్న వాక్యమును చూచి, నొక్కిన నేమగునో గ్రహించును. లింకులను మాత్రము వరుసగా వినువానికి అది ఊరు పేరు లేని దారిగుర్తులవలె నుండును. “చందా వివరములు”, “పుస్తకముల పట్టిక” యని వ్రాయుటకు నాకు గంట పట్టలేదు.

ఇంతవఱకు నా పని సులభము. ఇక నిజముగా కఠినమైన సంగతి యొకటి కలదు. దానిని దాచుట ధర్మము కాదు. నేటి పుటలు చాలవఱకు వట్టి పత్రములు కావు. పుట వచ్చిన పిమ్మట చదువరి కంప్యూటరులోనే పనిచేయు జావాస్క్రిప్టు అను నాజ్ఞలపై నవి యాధారపడియున్నవి. లింక్స్ ఆ యాజ్ఞలను నడుపదు. 1999నాటి పద్ధతులు, ఆ యాజ్ఞలు నడువకున్నను పుట యుపయోగపడవలెనని కోరినవి. 2008నాటివి ఆ నిర్బంధమును విడిచిపెట్టినవి. అంధుల క్రొత్త సాధనములు వాటిని అర్థము చేసికొనగలిగినచో చాలుననుచున్నవి. కావున నియమముల నన్నిటిని పాటించిన పుటయు, పాత యక్షరబ్రౌజరు గల యంధునికి మూసియే యుండవచ్చును. అప్పుడు నిర్మించినవానిది తప్పా? పాత సాధనమును విడువనివానిది తప్పా?

ఆస్ట్రేలియాలో ఇద్దఱంధులు 2006లో నారంభించిన ఎన్.వి.డి.ఎ. అను చదువరి సాధనము ఉచితముగా దొరకును. మన దేశముననెందఱో వాడుచున్నారు. దానిని నేర్చుకొనుమనుట అన్యాయము కాదని నేనొకప్పుడు మిత్రునితో వాదించితిని. అతడు కోపింపలేదు. “పదేండ్లకొకసారి ఇల్లు మార్చుమని మిమ్ము నెవరైన ననిన మారుదురా? నా యింటిలో ప్రతి వస్తువెక్కడ నున్నదో నాకు తెలియును” అనెను. కొత్త యంత్రమునకు ధనము, కొత్త యలవాటునకు నెలలు కావలెను. లోకమందలి ప్రతి యాటపుటయు, ప్రతి వ్యాపారి సొగసుపుటయు లింక్స్‌లో తెఱచుకొనవలెనని నేననను. అట్లనుట సాధ్యముకాని ఋణమును విధించుట. కాని ధనము, పరీక్ష, రైలుటిక్కెట్టు, ప్రభుత్వపు దరఖాస్తు, ఇట్టి తప్పించుకొనరాని విషయములలో, ఎంత పాత సాధనమునకైనను సరళమైన దారి యొకటి యుండితీరవలెనని నా నిశ్చయము. ఆ దారి పేరును, సంఖ్యను తీసికొని ప్రత్యుత్తరమిచ్చు సాదా పత్రము. 1990ల నాటినుండియు నది యున్నది, నేటికిని పనిచేయుచున్నది. తప్పించుకొనరానిచోట గుమ్మమును ఎత్తుచేయువాడు, నీవు కాళ్లను పెంచుకొనుమనరాదు.

మన దేశపు న్యాయస్థానములును ఈ త్రోవకే వచ్చుచున్నవి. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము సమాచారము నందఱికి నందుబాటుగా నుంచవలెనని చెప్పెను. అయినను దానిక్రింద చేసిన నిబంధనలు కేవలము సలహాలవలె నుండెను. హైదరాబాదులోని నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము సమర్పించిన నివేదికను పరిశీలించి, 2024 నవంబరు 8వ తేదీన సుప్రీముకోర్టువారు, విధిగా పాటింపవలసిన కనీస నియమములను చేయుడని కేంద్రప్రభుత్వము నాజ్ఞాపించిరి. 2025 ఏప్రిల్ 30వ తేదీన మఱియొక తీర్పు వెలువడెను. బ్యాంకు ఖాతా మున్నగువాటి కొఱకు గుర్తింపు నిరూపించుకొనునప్పుడు, జీవించియున్నానని చూపుటకు కెమెరా యెదుట ఱెప్ప వేయుమని యంత్ర మడుగును. ఆమ్లదాడిలో ముఖము కాలినవారు, అంధులు ఱెప్ప యెట్లు వేయుదురు? ఆ యంత్రము దృష్టిలో వారు జీవించియుండనివారే! ఈ సాధనముల నందుకొను హక్కు ప్రాణహక్కులో భాగమేయని కోర్టువారు నిర్ణయించి యిరువది యాదేశములిచ్చిరి. ఱెప్ప వేయుమను నాజ్ఞను వ్రాసినవాడును దుర్మార్గుడై యుండడు. వాని మనస్సులోని సభలోను పీటలు తక్కువయే యుండును.

ఇంక మన తెలుగు సంగతి. చాలకాలము మన పత్రికలు తమతమ ప్రత్యేక లిపిరూపములతో సైట్లను నడపినవి. తెరపై తెలుగుగా కనబడునది లోపల అర్థములేని రోమను గుర్తులుగా నుండెడిది. యూనికోడు వాడుకలోనికి వచ్చినపిమ్మట నా బాధ చాలవఱకు తగ్గినది. కాని మన పూర్వగ్రంథముల సంగతి చూడుడు. శ్రమపడి వేలకొలది పుస్తకములను, మాసపత్రికలను ఛాయలు తీసి యింటర్నెట్టులో నుంచితిమి. మనము సంతోషింపదగిన కార్యమే యది. ఐనను అవి పుటల బొమ్మలే గాని పుటలు కావు. వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్ర బొమ్మగా మాత్రమే యుండినచో లింక్స్ దానిని ఒక్క యక్షరమైన వినిపింపదు. తెలుగు వికీసోర్సులో కొందఱు సేవాపరులు, యంత్రము గుర్తించిన యక్షరములను మూలముతో పోల్చి, తప్పులు దిద్దుచు, ఆ బొమ్మలను మరల మాటలుగా మార్చుచున్నారు. నాకు తెలిసిన గృహిణి యొకతె మధ్యాహ్నము పనులు తీఱినపిమ్మట దినమున కొక పుట చొప్పున దిద్దుచున్నది. ఆమె యంధులకొఱకని చేయుట లేదు. పాత తెలుగుపై ప్రేమచేత చేయుచున్నది. అయినను ఆమె దిద్దిన పుటను నా మిత్రుడు వినుచున్నాడు. పెండ్లిపిలుపులు, మరణవార్తలు, సభల ప్రకటనలు బొమ్మలుగా ఫోనులో పంపుకొను మనము, బొమ్మక్రింద రెండు పంక్తులు టైపు చేయుటకు సోమరులమై యున్నాము. తన బంధువు చనిపోయిన వార్తను మూడవనాడు పొరుగువానిచేత చదివించుకొని తెలిసికొన్నవా రున్నారు.

మా గ్రంథాలయపు పుటను పూర్తిగా దిద్దుటకు నాకు నాలుగు సాయంకాలములు పట్టెను. లతలు, సరస్వతి యథాస్థానముననే యున్నవి. వాటిని తీయవలసిన యవసరము కలుగలేదు. ప్రకటన మాత్రము మాటలుగా మాఱినది. మఱునాటి యుదయమున మిత్రుడు ఫోను చేసెను. మెచ్చుకొనునని వేచితిని. “శాసనములు అని యుండవలసినచోట శాసములు అని పడినది, దిద్దింపుడు” అనెను. దిద్దెదనంటిని. “చందా ఏబదిరూపాయలు పెంచినట్లు పుట యట్టడుగున వ్రాసితిరి, కార్యవర్గమువారు దానిని పైన నేల పెట్టలేదు?” అని యడిగెను. అంతవఱకు దానిని చందాదారులలో నెవరును చదివియుండలేదు. ఆ నెల సభలో నతడు లేచి యా ప్రశ్ననే మరల వేయగా, మా కార్యదర్శిగారు ప్రత్యుత్తరము వెదకుకొనవలసివచ్చెను.